కీమోలో ఎక్కించేది బిళ్ళగన్నేరే కదా, ఆకు కాచి తాగితే సరిపోదా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. మెడ పక్కన గడ్డ లేస్తే ముక్క తీసి పరీక్ష చేశారు. లింఫోమా అనే తెల్లకణాల క్యాన్సర్, అందులో పెద్ద బి కణాల రకం అన్నారు. తిరుపతిలో కీమో ఇస్తున్నారు. 21 రోజులకొకటి చొప్పున మొత్తం ఆరు, ఇప్పటికి రెండు అయ్యాయి. చీటీలో రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టీన్, ప్రెడ్నిసొలోన్ అని రాసుంది. మా చిన్నాయన ఎక్కడో చదివి, 'కీమోలో ఎక్కించేది బిళ్ళగన్నేరు రసమే. దాన్నే ఇంట్లో కాచి తాగితే సరిపోదా, ఇన్ని తిప్పలెందుకు' అంటున్నాడు. ఎనిమిది రోజులుగా పొద్దున్నే ఆ ఆకు కషాయం, సాయంత్రం ఇమ్యూనిటీకని తిప్పతీగ రసం ఇస్తున్నాడు. ఇప్పుడు లక్ష్మణ ఫలం ఆకు కూడా తెప్పించాడు. డాక్టరుకు చెప్పొద్దని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. 'వాళ్లిచ్చేది విషం, ఇది దేవుడిచ్చిన ఆకు' అంటుంది. మూడో కీమో వచ్చే గురువారం. నేనేం చేయాలి?

సమాధానం: గురువారం దాకా ఆగకండి తల్లీ. కషాయం, రసం రెండూ ఇవాళే ఆపేయండి. రేపు పొద్దున్నే ఆస్పత్రికి ఫోన్ చేసి అమ్మ ఏం తాగింది, ఎన్ని రోజులు తాగింది, రోజుకు ఎంత తాగింది అన్నీ చెప్పండి. కీమోకు ముందు ఎలాగూ రక్తపరీక్ష చేస్తారు. ఈసారి రెండు రోజులు ముందే చేయించమంటారేమో, లివర్ పరీక్షలు కూడా కలపమంటారేమో అడగండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో పోతున్నా, గుండె దడగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా ఫోన్‌తో పని లేదు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒట్టు సంగతి తర్వాత చూద్దాం.

నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లు ఫార్మసీ పిల్లలకు మందు మొక్కల పాఠం చెప్పి రిటైరైన మనిషిని. అందుకే మీ చిన్నాయన అడిగిన మాట నాకు కొత్త కాదు. ప్రతి ఏడూ క్లాసులో ఎవడో ఒకడు ఇదే ప్రశ్న వేసేవాడు. తెలివైన ప్రశ్న. నవ్వి కొట్టిపారేస్తే ఆయన ఇంకో నాలుగు ఆకులు తెస్తాడు. కాబట్టి నిదానంగా జవాబు చెబుతాను, ఆయనకు చదివి వినిపించండి.

ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. చీటీలో ఉన్న విన్‌క్రిస్టీన్ బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. మన ఇళ్ల ముందు, గుళ్ల దగ్గర, సమాధుల మీద పూసే ఆ ఊదా, తెలుపు పూల మొక్కే. దాని కథ 1950ల్లో కెనడాలో మొదలైంది. జమైకాలో జనం షుగరు జబ్బుకు ఈ ఆకు కాచి తాగుతారని విని, అక్కడి నుంచి పోస్టులో వచ్చిన ఓ పొట్లం ఆకుల్ని రాబర్ట్ నోబుల్ అనే ఆయన ప్రయోగశాలలో పరీక్షించారు. నోటి ద్వారా ఎలుకలకు ఇస్తే షుగరు దిగలేదు, పెద్దగా ఏమీ జరగలేదు. అదే సారాన్ని సూదితో ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే ఎలుకలు చచ్చిపోయాయి. ఎందుకని కోసి చూస్తే ఒళ్లంతా ఇన్ఫెక్షన్. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, అవి పుట్టే ఎముకల మజ్జ దెబ్బతింది. షుగరు మందు వెతకబోయిన వాళ్లకు ఇక్కడ ఇంకో ఆలోచన తట్టింది. తెల్లకణాల్ని ఇంతగా నరికే పదార్థం, తెల్లకణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగే జబ్బులో పనికిరాదా అని. నోబుల్, ఆయనతో పనిచేసిన చార్లెస్ బీర్ కలిసి 1958లో ఆ ఆకులోంచి విన్‌బ్లాస్టిన్ అనే మందును బయటపెట్టారు. దాని తోబుట్టువు విన్‌క్రిస్టీన్ అమెరికాలో 1963లో మందుగా అనుమతి పొందింది.

ఈ కథలో చిన్నాయనకు రెండు సంగతులు చూపించండి. నోటి ద్వారా ఇస్తే ఏమీ కాలేదు, సూదితో ఇస్తేనే పట్టింది. ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఒకరికి కొంచెం, ఇంకొకరికి ఇంకొంచెం, లెక్కకు అందదు. అందుకే ఇన్నేళ్లయినా దీన్ని మాత్రగా కాకుండా రక్తనాళంలోకి ఇంజెక్షన్‌గానే ఇస్తున్నారు. ఇక రెండోది. ఆ ఆకులో శాస్త్రవేత్తలు మొట్టమొదట గమనించిన గుణం ఇమ్యూనిటీని పడగొట్టడం. ఒక పూట ఇమ్యూనిటీ పెంచడానికి తిప్పతీగ, ఇంకో పూట బిళ్ళగన్నేరు ఇస్తున్నాడు కదా మీ చిన్నాయన. ఎద్దును ఎండకు లాగి, దున్నను నీడకు లాగినట్టుంది.

ఇక మోతాదు. విన్‌క్రిస్టీన్ పెద్దవాళ్లకు ఒకసారికి మామూలుగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. రెండు మిల్లీగ్రాములంటే ఎంతో తెలుసా? ఒక బియ్యపు గింజ సుమారు ఇరవై మిల్లీగ్రాములు తూగుతుంది. దాన్ని గోటితో పది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఆ ముక్కే అమ్మ వేళ్లు తిమ్మిరెక్కిస్తుంది, జుట్టు ఊడగొడుతుంది, మెడ మీది గడ్డను కరిగిస్తుంది. ఇంకోపక్క, ఒక్క గ్రాము విన్‌క్రిస్టీన్ తీయాలంటే వందల కిలోల ఎండిన ఆకు కావాలి. గుప్పెడాకు కాచిన గ్లాసుడు నీళ్లలో అది ఎంత దిగుతుందో, ఆ దిగినదాంట్లో రక్తంలోకి ఎంత పోతుందో ఏ దేవుడూ చెప్పలేడు. దిగకపోతే వట్టి చేదు నీళ్లు. దిగితే కీమో మీద ఇంకో కీమో, అదీ కొలత లేనిది.

పైగా ఆ ఆకులో విన్‌క్రిస్టీన్ ఒక్కటే ఉందా? వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే మొక్క తయారు చేసుకునే ఘాటైన పదార్థాలు ఉన్నాయి. కొన్ని బీపీ మీద పనిచేస్తాయి, కొన్ని ఏం చేస్తాయో పూర్తిగా తేలనే లేదు. మనకు కావలసిన ఆ ఒక్కటి మాత్రం చాలా తక్కువగా ఉంటుంది. ఫ్యాక్టరీలో చేసే పనల్లా ఆ వందకు పైగా ఉన్నవాటిని పక్కకు తోసి దీన్ని ఒక్కదాన్ని పట్టుకోవడం. ఇంట్లో కుండలో కాచేటప్పుడు తోసేదేముంది, అన్నీ కలిసే దిగుతాయి.

ఆ పదార్థం ఏం చేస్తుందో కూడా చెప్తాను, అప్పుడు భయం ఎందుకో తెలుస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు అల్లుకుంటాయి. జన్యువుల మూటల్ని చెరో పక్కకు లాగేది ఆ దారాలే. విన్‌క్రిస్టీన్ ఆ దారాన్ని అల్లుకోనివ్వదు. నగరి మరమగ్గం మీద పడుగు తెగితే గుడ్డ నేత ఎలా ఆగిపోతుందో అలా కణం మధ్యలో ఆగి చచ్చిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే పాక్లిటాక్సెల్ దీనికి తలకిందులు, అల్లిన దారాన్ని విప్పుకోనివ్వదు. అదీ చెట్టు మందే, అమెరికా పడమటి తీరంలోని యూ చెట్టు బెరడులో దొరికింది. 1971లో దాని నిర్మాణం తేల్చినవాళ్లలో ఒకరైన మన్సుఖ్ వానీ మన మహారాష్ట్రలో పుట్టినాయనే. సరే, మన మందుకు వద్దాం. నరాల్లో కూడా అలాంటి దారాలే పొడవునా ఉంటాయి. విన్‌క్రిస్టీన్ వాటినీ తాకుతుంది. అమ్మకు రవిక హుక్కులు పెట్టుకోవడం కష్టమవుతోందా? పూలు కట్టేటప్పుడు దారం వేళ్లకు తెలియట్లేదా? మూడు నాలుగు రోజులు విరేచనం కాకుండా ఉంటోందా? ఇవన్నీ ఆ మందు చేసేవే. కషాయం సంగతితో పాటు ఇవి కూడా డాక్టరుకు చెప్పండి, డోసు తగ్గించాలా వద్దా అన్నది వీటిని బట్టే చూస్తారు. ఆ మందు సీసా మీద రక్తనాళంలోకి మాత్రమే ఇవ్వాలని, వేరే దారిలో ఇస్తే ప్రాణాంతకమని అచ్చు వేసి ఉంటుంది. రక్తనాళం పక్కకు చుక్క కారినా చర్మం కాలిపోతుంది. నర్సు అంతసేపు చేతి మీదే కళ్లు పెట్టి కూర్చునేది అందుకే.

ఆకు తెచ్చిందెవరు, ఎక్కణ్నుంచి తెచ్చారు? ఇది తప్పకుండా అడిగి తెలుసుకోండి. నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. మన భాషలో గన్నేరు అనే పేరు కనీసం మూడు వేర్వేరు మొక్కలకు ఉంది. బిళ్ళగన్నేరు మోకాలెత్తు మొక్క, ఆకు గుండ్రంగా మెత్తగా నున్నగా ఉంటుంది, ఐదు రేకుల పువ్వు బిళ్ళలా పరుచుకుంటుంది. గన్నేరు పొద, ఆకు సన్నగా పొడవుగా కత్తిలా ఉంటుంది, ఎర్రగానో తెల్లగానో గుత్తులు పూస్తుంది. హైవే మధ్యలో వరసగా నాటేది అదే. పచ్చ గన్నేరుకు గంటల్లాంటి పసుప్పచ్చ పూలు, లోపల గింజ ఉన్న కాయలు. ఈ వెనక రెండింటిలో ఉన్నది గుండె కొట్టుకోవడాన్ని ఆపేసే విషం. 'గన్నేరు పప్పు మింగి చచ్చింది' అనే మాట మన పల్లెల్లో ఊరికే పుట్టలేదు. అలిపిరి వైపు గానీ సంతలో గానీ ఎండబెట్టిన ఆకు పొట్లం కట్టి 'గన్నేరాకు' అని ఇచ్చారంటే, చూరచూరయిన ఆ ఆకును చూసి ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నేను కూడా ఇదీ అని చెప్పలేను. మొక్క నుంచి పచ్చిగా కోసినదైతే పువ్వుతో సహా ఫోటో తీసి పెట్టుకోండి. పొట్లంలో తెచ్చినదైతే ఆ పొట్లమే ఆస్పత్రికి పట్టుకెళ్లండి.

తిప్పతీగ విషయంలోనూ ఇదే తిరకాసు ఉంది. కోవిడ్ రోజుల్లో ఊరు ఊరంతా వేప చెట్ల మీది తీగలు లాగి కాచుకు తాగింది, మా వీధిలో అయితే తీగ మిగల్లేదు. 2021లో ముంబయి లివర్ డాక్టర్లు తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న ఆరుగురి కేసులు రాశారు. తర్వాత దేశంలోని వేర్వేరు ఆస్పత్రుల నుంచి నలభై దాటిన కేసులు బయటికొచ్చాయి. అది అసలు తిప్పతీగ కాదు, అదే జాతిలో పోలిక ఉన్న వేరే తీగ అయి ఉండొచ్చని మన సంప్రదాయ వైద్యాల్ని చూసే కేంద్ర ఆయుష్ శాఖ వాళ్లన్నారు, డాక్టర్లు ఒప్పుకోలేదు. ఆ వాదం వాళ్లు తేల్చుకోనీ. మీ ఇంట్లో గ్లాసులో ఉన్నది ఏ తీగో మీకు తెలియదు, నాకు తెలియదు. ఆ కేసుల్లో చాలామందికి జరిగింది ఏమిటంటే, రేగిన ఇమ్యూనిటీ సొంత లివర్ మీదే పడింది. అప్పటికే థైరాయిడ్ లాంటి జబ్బుల్లో ఇమ్యూనిటీ దారి తప్పి ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా కనిపించింది.

మీ అమ్మ విషయంలో లివర్ ఎందుకంత ముఖ్యమంటే, చీటీలో ఉన్న మందుల్లో డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టీన్ రెండూ ఒంట్లోంచి బయటికి పోవాల్సింది లివర్ దారినే. సైక్లోఫాస్ఫమైడ్ అయితే లివర్‌లోకి వెళ్లాకే పదునెక్కుతుంది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్. అది పెరిగిందంటే డోసు కోస్తారు, లేదా కీమో వాయిదా వేస్తారు. ఈ జబ్బులో 21 రోజులన్నది ఊరికే పెట్టిన లెక్క కాదు. మంచి కణాలు కోలుకోవాలి, చెడ్డవి కోలుకునే లోపల మళ్లీ దెబ్బ పడాలి. వాయిదా పడితే ఆ లెక్క తప్పుతుంది. అమ్మకు ఉన్న రకంలో, ఈ ఐదు మందుల వరసతో, సగం కంటే ఎక్కువమందికి జబ్బు పూర్తిగా నయమవుతోంది. అమ్మ సంగతి ఆమె డాక్టరే చెప్పాలి గానీ, అంత మంచి అవకాశం చేతిలో ఉన్నప్పుడు గ్లాసుడు రసం కోసం పందెం కాస్తామా?

ఇమ్యూనిటీ అనే మాట గురించి కొంచెం మాట్లాడుకోవాలి. ఇప్పుడు ఉప్పు ప్యాకెట్ మీద తప్ప అన్నిటి మీదా రాస్తున్నారు ఆ మాట. రేడియోలో సౌండు పెంచినట్టు తిప్పితే పెరిగేది కాదది. వేర్వేరు పనులు చేసే కణాలు, ఒకటి రేపితే ఇంకొకటి చల్లార్చేవి. ఆ కణాల్లో బి లింఫోసైట్లు ఒక దళం. అమ్మకు వచ్చిన జబ్బు ఆ దళానిదే. కాపలా కాయాల్సినవాళ్లే అదుపు తప్పి ఊళ్లో పడ్డారు. ఆ మందుల్లో రిటుక్సిమాబ్ పని ఆ బి కణాల్ని గుర్తుపట్టి తుడిచేయడం, ప్రెడ్నిసొలోన్ పనీ వాటిని అణచడమే. డాక్టరు అణచడానికి డబ్బు పెడుతుంటే, మనం ఇంట్లో పెంచడానికి రసం తీస్తున్నాం. తిప్పతీగ తాగితే లింఫోమా పెరుగుతుందని నేననడం లేదు, అలా ఎవరూ తేల్చలేదు. పెంచాలి అన్నప్పుడు దేన్ని పెంచాలి అని మాత్రం అడుగుతున్నాను.

ఇలాంటి పొరపాటు మహా మహా వాళ్లకే జరిగింది. 1941లో పాలకూర జాతి ఆకుల నుంచి ఒక విటమిన్ తీశారు, లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి ఫోలిక్ యాసిడ్ అన్నారు. రక్తం పట్టడానికి మంచిదని రక్త క్యాన్సర్ పిల్లలకు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని ఇచ్చి చూశారు. బలం వచ్చింది, పిల్లలకు కాదు, జబ్బుకు. అప్పుడాయన తిరగేసి ఆలోచించారు. దీనికి విరుగుడు ఉంటేనో? ఆ విరుగుడు మందుల్ని తయారు చేయించి పంపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1948లో ఫార్బర్ ప్రకటించిన పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఆ జబ్బుకు మందే లేదు. ఆ విరుగుడు మందుల కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ వాడుతున్నారు. బలానికని ఆకు మందు ఇచ్చే ప్రతివాళ్లకూ నేను ఈ కథ చెబుతుంటాను, మా అల్లుడు విని విని చెవులు మూసుకుంటాడు.

తెల్లకణాలు నిజంగా తగ్గిపోతే వాటిని పెంచే ఇంజెక్షన్ ఉంది, కీమో అయిన మర్నాడో తర్వాతో ఇస్తారు. అమ్మకు అవసరమా అని అడగండి. అంతకన్నా ముఖ్యం థర్మామీటరు. కీమో అయిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా అడుగంటే రోజులు. ఆ రోజుల్లో 100.4 డిగ్రీలు జ్వరం కనిపించిందంటే పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం అనొద్దు, అర్ధరాత్రయినా బండి కట్టించుకుని ఆస్పత్రికి పోవాల్సిందే. పచ్చి తీగ దంచి పిండిన రసంలో మట్టి, దాంతో పాటు సూక్ష్మక్రిములు ఎన్నుంటాయో మీరే ఊహించుకోండి. మనకు ఏమీ కాని క్రిమి ఆ వారం అమ్మకు ప్రాణం మీదికి తెస్తుంది.

లక్ష్మణ ఫలం ఆకు ఇంకా మొదలుపెట్టలేదు కదా, అదృష్టం. కీమో కంటే పదివేల రెట్లు బలమైనదని ఫోన్లలో తిరిగే మెసేజ్ అందరికీ వచ్చే ఉంటుంది. ఆ లెక్క గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద చేసిన పరీక్షది. గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాల్ని సబ్బు నీళ్లు కూడా చంపుతాయి. నేను పనిచేసిన రోజుల్లో మా పిల్లలు ప్రాజెక్టులకు తెచ్చిన ఆకుల్లో చంపనిదంటూ దాదాపు లేదు. చంపడం గొప్ప కాదు, పక్కనున్న మంచి కణాన్ని వదిలి దాన్నొక్కదాన్నే చంపడం, అదీ మనిషి ఒంట్లో, అక్కడే ఉంది కష్టమంతా. సీతాఫలం జాతిలోని ఈ చెట్టులో అన్నోనాసిన్ అనే పదార్థం ఉంది, అది కణానికి శక్తినిచ్చే పొయ్యిని ఆర్పేస్తుంది. క్యాన్సర్ కణానిదే ఆర్పుతుందని హామీ లేదు, నరాలదీ ఆర్పుతుంది. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో ఈ పండూ ఆకు టీ ఎక్కువగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్ లాంటి వణుకుడు జబ్బు కనిపించి, దీన్ని అనుమానించారు. అమ్మ నరాల మీద ఇప్పటికే విన్‌క్రిస్టీన్ పడుతోంది. వద్దు.

పసుపు మీరు అడగలేదు, కానీ చిన్నాయన తర్వాత తెచ్చేది అదే, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. పప్పులో, కూరలో వేసే పసుపు మానక్కర్లేదు, మిరియాల చారు కూడా. పసుపులోంచి తీసి క్యాప్సూల్ రూపంలో అమ్మే కర్కుమిన్ వేరు. కర్కుమిన్ మామూలుగా రక్తంలోకి ఎక్కదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు మిరియాల్లోని పైపరిన్ కలిపి ఇస్తే ఇరవై రెట్లు ఎక్కిందని చూపించారు. అప్పటి నుంచి ఆ డబ్బాల్లో పైపరిన్ కలుపుతున్నారు. పైపరిన్ ఎలా ఎక్కిస్తుంది? మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే లివర్ ఎంజైముల్ని కట్టేసి. అవి కట్టుబడితే కర్కుమిన్ ఒక్కటే కాదు, వేరే మందులు కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. విన్‌క్రిస్టీన్‌ను విరగ్గొట్టేది కూడా అలాంటి ఎంజైమే. ఇక రొమ్ము క్యాన్సర్ పెట్టిన ఎలుకల్లో కర్కుమిన్ సైక్లోఫాస్ఫమైడ్‌ను సరిగా పనిచేయనివ్వలేదు. కషాయంలో మిరియాలు దంచి వేశాడా అని కూడా చిన్నాయనను అడిగి రాసుకోండి.

ఇదంతా చదివి నేను మన వైద్యానికి వ్యతిరేకినని అనుకోకండి. నిక్కమైన ఆయుర్వేద వైద్యుడు విషముష్టి గింజను గోమూత్రంలో నానబెట్టి, పాలలో ఉడికించి, పై తోలూ లోపలి మొలకా తీసి శుద్ధి చేసి గానీ వాడడు. మొక్కలో విషం ఉందని, దానికి కొలత ఉందని ఆయనకు మనకంటే ముందే తెలుసు. తిరుపతిలో ఎస్వీ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది, అక్కడ చదువుకున్న వైద్యులున్నారు. ఆరు కీమోలూ అయ్యాక నీరసానికో నిద్రకో అక్కడికి వెళ్లాలనుకుంటే, క్యాన్సర్ డాక్టరుకు చెప్పి, ఈ చీటీ చేత్తో పట్టుకుని వెళ్లండి. ఆకు కోసుకొచ్చి కాచేవాడికి ఆ శుద్ధీ లేదు, ఈ చీటీ చూసే అలవాటూ లేదు.

ఇప్పుడు ఒట్టు. మా పెద్దక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు జరిగింది చెప్తాను. నాలుగో కీమోకు వెళ్తే బిలిరుబిన్ పెరిగిందన్నారు, వాయిదా వేశారు. ఏమైనా నాటు మందు వాడుతున్నారా అని డాక్టరు అడిగితే లేదన్నాం, ఇంటిల్లిపాదీ ఒకే గొంతుతో. పక్కన నేనూ ఉన్నాను, నాకూ తెలియదు. వారం తర్వాత బియ్యం డ్రమ్ము వెనక హార్లిక్స్ సీసా దొరికింది, అడుగున రెండు చెంచాల బూడిద రంగు పొడి, మీద మా అక్క చేతిరాతతో 'పరగడుపున' అని ఉన్న చీటీ. ఎవరిచ్చారో చివరిదాకా చెప్పలేదు. ఆ పొడి వల్లే పెరిగిందని నేను ప్రమాణం చేయలేను. ఆపాక మూడు వారాల్లో బిలిరుబిన్ దిగింది, కీమో మళ్లీ మొదలైంది. నాకిప్పటికీ మింగుడు పడనిది పొడి కాదు, మందుల పాఠం చెప్పే చెల్లెల్ని ఇంట్లో పెట్టుకుని ఆమె దాన్ని డ్రమ్ము వెనక దాచుకోవడం. అడిగితే, 'నువ్వు తిడతావని' అంది.

కాబట్టి అమ్మను తిట్టకండి. 'విషం' అన్న మాట దగ్గర ఆమెతో ఒప్పుకోండి. అవునమ్మా, విషమే, కొలిచి ఇచ్చే విషం, ఆ కొలత నీ ఎత్తు, నీ బరువు, నీ రక్తపరీక్ష చూసి వేశారు అని చెప్పండి. దేవుడిచ్చిన ఆకే సీసాలో కూడా ఉందని చెప్పండి, ఆమెకు అది నచ్చుతుంది. ఒట్టు వేసింది డాక్టరుకు చెప్పనని కదా. అమ్మ చేతే చెప్పించండి. ఫోన్ స్పీకరులో పెట్టి, మాటలు వెతుక్కుంటుంటే పక్కనుంచి అందించండి. డాక్టరు కసిరితే ఆ ఒక్క నిమిషం ఓర్చుకోండి. ఇలాంటివి రోజూ వింటుంటారు వాళ్లు, దాచినప్పుడే కష్టం. ఆమె ఎప్పటికీ చెప్పనంటే మీరే చెప్పండి. దానికొచ్చే పాపం ఏదైనా ఉంటే నా ఖాతాలో రాయించండి.

అమ్మకు తన చేతిలో కూడా ఒక పని ఉండాలి, ఊరికే చేయి చాపి పడుకోవడం ఎవరికైనా నరకమే. మెత్తగా కెలికిన రాగి సంగటి, బాగా ఉడికిన ఆకుకూర పప్పు, కాచి చల్లార్చిన నీళ్లు ఎక్కువగా. విరేచనం సరిగా కాకపోతే మాత్రం తిండితో సరిపెట్టుకోకుండా మందు అడగండి. నన్నారి షర్బత్ ఇష్టమైతే కాచిన నీళ్లతో ఇంట్లో కలిపి ఇవ్వండి, ప్రెడ్నిసొలోన్ మింగే ఐదు రోజులు చక్కెర పెరుగుతుంది కాబట్టి అప్పుడు వద్దు. గుడికి వెళ్తే తీర్థం కళ్లకద్దుకుని వదిలేయమనండి, ఈ నాలుగైదు నెలలే.

చిన్నాయనను దూరం పెట్టొద్దు. ఎనిమిది రోజులు తెల్లవారకముందే లేచి ఆకు కోసి కాచిన మనిషి ఆయన. ఆ ఓపిక పారేసుకునేది కాదు. థర్మామీటరు ఆయన చేతికివ్వండి. పొద్దున, సాయంత్రం జ్వరం చూసి నోటుబుక్కులో తారీఖుతో రాయడం, కీమోకు ముందు రక్తపరీక్షకు తిరుపతి తీసుకెళ్లడం, అర్ధరాత్రి అవసరమైతే ఎవరి బండి దొరుకుతుందో ముందే మాట్లాడి పెట్టడం ఆయన పని. మొదటి పేజీలో మాత్రం ఆ ఎనిమిది రోజుల కషాయం లెక్క ఆయన చేతే రాయించండి, ఎన్ని ఆకులు, ఎన్ని నీళ్లు, మిరియాలు ఎన్ని అని. గురువారం ఆ పుస్తకమే డాక్టరు ముందు పెట్టండి.

ఇంటి ముందు బిళ్ళగన్నేరు మొక్క ఉంటే పీకేయకండి, అదేం పాపం చేసింది. పూలు దేవుడికి పెట్టుకోండి. మేకలు ఆ ఆకు మేయకుండా మాత్రం చుట్టూ కంప వేయండి.